కొత్త గాడిదను కొన్నరోజే పాతది అమ్మకూడదు

జోడెద్దుల్లో ఒకటి చెరకు క్రషింగు మొదలైన వారానికే చచ్చింది.

ఎద్దులంటే నిజం ఎద్దులు కావు. కోమ్ నఖ్లా చక్కెర ఫ్యాక్టరీలో ఫోన్లన్నిటినీ నడిపించే రెండు సర్వర్లు. ఒకటి పడితే రెండోది లాగాలని పూర్వం ఎవరో తెలిసినవాళ్ళే పెట్టారు. ఇప్పుడా రెండోది ఒక్కటే కాడి మోస్తోంది. దాని ఫ్యాను ఉబ్బసం మనిషిలా ఎగపోస్తుంటే, గోడ అవతల కూచున్న ఆపరేటరు నర్గిస్ "ఇది పోయేలోపు నేను రిటైరైతే చాలు దేవుడా" అంటూ ఉండేది.

టెలిఫోన్ సెక్షనుకి పెద్ద మెహ్రాన్. ఫ్యాక్టరీ కాలనీలోనే ఇల్లు. నైలు ఒడ్డున చెరకు పండించే ఇంట్లో పుట్టి, ఊరి బడిలో చదివి, అస్యూత్‌లో ఇంజనీరింగు పూర్తిచేసి, మళ్ళీ ఆ చెరకు దగ్గరికే వచ్చి పడ్డాడు. మాట తక్కువ. ఎవరేమడిగినా ముందు ఒక గుక్క టీ తాగి, తర్వాత జవాబు చెప్పేవాడు. తాగడానికి టీ లేకపోతే జవాబే ఉండేది కాదు.

పాత సాఫ్ట్‌వేరుకి ఇక మందూ మాకూ లేవని దాన్ని చేసిన కంపెనీ ఎప్పుడో చేతులెత్తేసింది. చచ్చిన సర్వరులో వెయ్యడానికి పాత డిస్కు కైరోలో కూడా దొరకలేదు. కొత్త రకానికి మారక తప్పదు. మామూలుగానైతే ఇలాంటి పని వేసవిలో, గానుగ ఆగాక చేస్తారు. ఒంటెద్దు అప్పటిదాకా బండి లాగుతుందని పూచీ ఎవరిస్తారు?

అందుకని కైరో నుంచి తామెర్ వచ్చాడు. చేతిలో లాప్‌టాప్, కాళ్ళకి తెల్ల బూట్లు. చెరకు పిప్పి రాలే ఆ ఆవరణలో ఆ బూట్లు తెల్లగా ఉన్నది మొదటి గంటే.

జనరల్ మేనేజరు ఖుర్షీద్ బే గదిలో మీటింగు. బే అంటే అక్కడ దొరగారన్నమాట. తామెర్ గోడ మీద బొమ్మలు వేసి చూపించాడు. దారులు మూడున్నాయన్నాడు.

"మొదటిది, ఉన్న సర్వరు మీదే కొత్తది ఎక్కించడం. లోపల ఖాళీగా ఉన్న సగంలో కొత్తది పెట్టి, ఆపి మళ్ళీ లేపితే కొత్తదిగా లేస్తుంది."

"లేవకపోతే?" అన్నాడు ఖుర్షీద్ బే.

"పాత సగం వైపు తిప్పి లేపుతాం."

"అదీ లేవకపోతే?"

తామెర్ మెహ్రాన్ వైపు చూశాడు. మెహ్రాన్ టీ గుక్క వేశాడు. "ఉబ్బసం మనిషిని పడుకోబెట్టి లేపుతానంటున్నాడు బే. మళ్ళీ లేస్తాడని నేను చెప్పలేను."

"సరే. రెండోది?"

తామెర్ ముఖం వెలిగింది. "పక్కనే కొత్త సర్వర్లు పెడతాం. పాతదాంట్లోని నంబర్లూ పేర్లూ అన్నీ కాపీ చేస్తాం. ఒక శుక్రవారం పొద్దున, జనం నమాజుకి పోయే వేళ, మొత్తం ఫోన్లన్నీ ఒక్కసారే కొత్తదానివైపు తిప్పేస్తాం. శనివారానికి అంతా కొత్తే. హెడ్డాఫీసు వాళ్ళకి ఇదే ఇష్టం."

"మూడోది?"

"ఉంది కానీ..." తామెర్ బుగ్గ గోక్కున్నాడు. "కొత్తదాన్నీ పాతదాన్నీ పక్కపక్కనే పెట్టి, మధ్యలో ఒక లింకు వేస్తాం. ఫోన్లని కొన్ని కొన్నిగా ఇటు తెచ్చుకుంటాం. ఇటువాళ్ళు అటువాళ్ళతో మాట్లాడుకోవచ్చు. చాకిరీ రెండింతలు. వారాలు పడుతుంది. ఏ ఫోను ఏ గట్టున ఉందో రోజూ చూసుకోవాలి."

ఖుర్షీద్ బే మెహ్రాన్ వైపు తిరిగాడు. "నువ్వేమంటావు?"

మెహ్రాన్ గ్లాసు అడుగున మిగిలిన పంచదారను చెంచాతో తిప్పుతూ కూచున్నాడు. తిప్పడం ఆపి అన్నాడు: "మా నాన్న కొత్త గాడిదను కొన్నరోజే పాతదాన్ని అమ్మేవాడు కాదు బే."

గదిలో ఎవరో నవ్వారు. ఖుర్షీద్ బే నవ్వలేదు. ఆయనదీ గాడిదలున్న ఇల్లే.

"ఎందుకని?"

"కొత్తది బజారులో బాగానే నడుస్తుంది. మన కాలవ గట్టు మీద, మన బరువుతో ఎలా నడుస్తుందో అమ్మినవాడికీ తెలీదు, కొన్నవాడికీ తెలీదు. మూడోదే నాకు కావాలి."

"హెడ్డాఫీసుకి నేనేం చెప్పను? ఇంజనీరు గారి నాన్నగారి గాడిద సంగతి చెప్పనా?"

"నా పేరు చెప్పండి."

ఖుర్షీద్ బే కుర్చీలో వెనక్కి వాలాడు. "చెప్తాను. నువ్వూ ఒకటి తెలుసుకో. మీ సెక్షను ఎత్తేసి పనంతా బయటి కాంట్రాక్టుకి ఇచ్చెయ్యాలని వాళ్ళు రెండేళ్ళ నుంచీ కాచుక్కూచున్నారు. ఫోన్ల వల్ల గానుగ ఒక్క గంట ఆగిందంటే నేను నిన్ను కాపాడలేను. నర్గిస్ ఇంటికి పోతుంది, లైన్‌మన్లు కాంట్రాక్టరు కిందికి పోతారు, నువ్వు కైరోలో స్టోర్సులో బల్బులు లెక్కపెట్టుకుంటావు."

"అర్థమైంది బే."

"అర్థమయ్యే అడుగుతున్నావా?"

"అర్థమయ్యే."

ఖుర్షీద్ బే సంతకం పెట్టాడు. వరండాలోకి వచ్చాక మెహ్రాన్ ఒక పెద్ద ఊపిరి వదిలాడు. పక్కనే ఉన్న తామెర్ అది విని, "నాకు కోపమేం లేదు సార్," అన్నాడు. "నిజం చెప్పాలంటే ఒక్క దెబ్బతో మార్చే పనికి ముందురోజు నాకెప్పుడూ కడుపులో నొప్పే."

"అయితే ఈసారి తిండి తినొచ్చు," అన్నాడు మెహ్రాన్.

ముందుగా మార్చింది మెహ్రాన్ బల్ల మీది ఫోను, కాలనీలో అతని ఇంట్లోది. చెడితే ముందు తనదే చెడాలని అతని లెక్క. రెండూ బ్రహ్మాండంగా పలికాయి. నర్గిస్ పాత గట్టు నుంచి చేసింది. "ఇంజనీరు గారూ, మీ గొంతు కొత్తగా పెళ్ళైనవాడి గొంతులా ఉంది," అంది.

"నీ గొంతు మాత్రం పాతగానే ఉంది."

"నన్నింకా అప్‌గ్రేడు చెయ్యలేదుగా."

ఆరోజు మధ్యాహ్నం మెహ్రాన్ అలవాటు చొప్పున వస్తున్నానని ఇంటికి ఒక రింగిచ్చి పెట్టేసి బయల్దేరాడు. ఇంటికెళ్ళి చూస్తే బల్ల మీద ఎండలో పొంగించి కాల్చిన ఎండరొట్టెలు, ములూఖియా ఆకుకూర, వాటి నడుమ బియ్యం కూరిన పావురాలు రెండు జతలు. మూడు కంచాలు.

"ఎవరొస్తున్నారు?" అన్నాడు.

"అది నేనడగాలి," అంది భార్య ఇన్సాఫ్. "నువ్వేగా రెండు రింగులిచ్చావు అబూ హిషామ్? రెండంటే చుట్టం అనేగా మన లెక్క? పక్కింటావిడ దగ్గర పావురాలు అడిగి తెచ్చా."

"నేనిచ్చింది ఒకటే."

"రెండు."

"ఒకటి, ఉమ్మ్ హిషామ్." కొడుకు పేరు మీద వాళ్ళు ఒకరినొకరు హిషామ్ నాన్న, హిషామ్ అమ్మ అనే పిలుచుకుంటారు.

"చెవులు నావి," అంది ఇన్సాఫ్.

ఆవిడకి వయసు మీదపడుతోంది కాబోలు అనుకుని మెహ్రాన్ చుట్టం వాటా కూడా తానే తిన్నాడు. మనసులో ఆ ముక్క అక్కడితో ఆగిపోయింది. పావురం రుచి అలాంటిది.

తర్వాత పద్దుల ఆఫీసు ఫోన్లు మారాయి. ఆ తర్వాత లాబొరేటరీ, బాయిలర్లు, లారీలు తూచే కాటా. ఒకచోట ఒక బటను పనిచెయ్యలేదు, ఇంకోచోట అరబ్బీ పేర్లు తలకిందులుగా వచ్చాయి. తామెర్ కూచుని సరిచేశాడు. ఏదైనా మొండికేస్తే ఆ ఒక్కదాన్నీ పాత గట్టుకి పంపి, సరిచేశాక మళ్ళీ తెచ్చుకున్నారు. రోజూ సాయంత్రం గేటు దాటేటప్పుడు మెహ్రాన్‌కి భుజం మీంచి ఒక చెరకు మోపు దించినట్టుండేది. ఏరు దాటేదాకా తెప్ప తగలెయ్యకూడదన్న మాట ఎవరన్నారో గానీ నైలు ఒడ్డునే అని ఉంటారనుకునేవాడు.

ఇక మిగిలినవి పొలాల వైపు ఫోన్లు.

ఫ్యాక్టరీ నుంచి పొలాల్లోకి సన్న పట్టాల రైలు ఉంది. రైతులు కొట్టిన చెరకు గాడిదల మీదా ఒంటెల మీదా పట్టాల దాకా తెచ్చి వ్యాగన్లలో ఎక్కిస్తారు. అలా ఎక్కించే ప్రతి లోడింగు దగ్గరా ఒక స్తంభం, స్తంభానికి రేకు పెట్టె, పెట్టెలో ఒక ఫోను. నిండిన వ్యాగన్లను తేవడానికీ, ఖాళీవి పంపడానికీ ఇంజన్లను పంపేది యార్డులో గాద్. ముప్పై ఏళ్ళుగా ఆ కుర్చీలో ఉన్నాడు. మేనేజరుతో సహా అందరికీ ఆయన గాద్ బాబాయే.

సెల్‌ఫోను ఎవరి జేబులో లేదు? కానీ వ్యాగన్ల సంగతి సెల్లులో మాట్లాడకూడదని ఫ్యాక్టరీ కట్టడి. సెల్లుంటే ప్రతి రైతు బావమరిదీ ఫోను చేసి "బాబాయ్, మావాడి చెరకు ఎండిపోతోంది, ముందు మాకు పంపు" అంటాడు. కొట్టిన చెరకు ఎండలో పడుంటే పూటపూటకీ బరువు తగ్గుతుంది కాబట్టి అడిగేవాడిదీ తప్పు కాదు. కానీ వరస వరసే. అందుకే పెట్టె ఫోను.

మెహ్రాన్ లైన్‌మన్‌ను మోటారుసైకిలు వెనక ఎక్కించుకుని పొద్దున్నే సాఖియా లోడింగు దగ్గరికీ, అక్కణ్ణించి దీర్ లోడింగు దగ్గరికీ వెళ్ళాడు. రెండుచోట్లా పెట్టె తెరిచి, ఫోనెత్తి నర్గిస్‌తో మాట్లాడాడు.

"వినపడుతోందా?"

"పక్కన ఒంటె అరుస్తున్నది కూడా వినపడుతోంది. లేక అది లైన్‌మనా?"

గాద్‌తో కూడా మాట్లాడదామని చేస్తే ఆయన ఎత్తలేదు. మెహ్రాన్‌కి అదేం వింతగా తోచలేదు. గాద్ ఎప్పుడెత్తాడు గనక? యార్డు ఫోను మీద ఆ లైను దీపం వెలిగిందని నర్గిస్ కనుక్కుని చెప్పింది. రెండుచోట్లా 'సరే' అని రాసుకుని వెనక్కొచ్చాడు.

ఎండ ఎక్కే వేళకి ఖుర్షీద్ బే ఫోను చేశాడు. అరవలేదు. ఆయన అరవనప్పుడే జనం భయపడేది.

"మెహ్రాన్, గానుగ సన్నగా తింటోంది. చెరకు ఎందుకు రావట్లేదు?"

"కనుక్కుంటాను బే."

"కనుక్కో. ఫోన్ల వల్ల కాకుండా ఉంటే బాగుండు."

మెహ్రాన్ యార్డుకి నడవలేదు, పరుగెత్తాడు. పైన కన్వేయరు మీద చెరకు పల్చబడి, కింది ఇనప పళ్ళు అక్కడక్కడ కనపడుతున్నాయి. అవి పూర్తిగా కనపడితే గానుగ ఆపాల్సిందే. కైరో స్టోర్సు గదిలో బల్బుల అట్టపెట్టెలు ఒక్క క్షణం అతని కళ్ళముందు ఆడాయి. దానికంటే ముందు నర్గిస్ ముఖం ఆడింది.

గాద్ కిటికీ దగ్గర నిలబడి పొడుగు అంగీ గలాబియా చేతులు పైకి మడుచుకుంటున్నాడు. ఆయన అలా మడిచాడంటే ఎవరినో తిట్టబోతున్నట్టు.

"ఏమైంది బాబాయ్?"

"ఫోన్లకేం కాలేదు. మనుషులకే పిచ్చెక్కింది. సాఖియావాడు రెండు కొట్టాడు. ఖాళీలు కావాలన్నమాట. ఇంజనుకి ఖాళీలు తగిలించి పంపా. తీరా అక్కడ చూస్తే నిండినవి బారుగా నిలబడున్నాయంట! ఖాళీలు పెట్టే చోటు లేక, నిండినవి బయటికొచ్చే దారి లేక ఇంజను అక్కడే ఇరుక్కుంది. దీర్‌వాడూ అంతే. రెండు కొట్టాడు, అక్కడా నిండినవే. ఇద్దరూ కూడబలుక్కుని నా పరువు తీస్తున్నారు."

"కొట్టడమేంటి సార్?" అన్నాడు తామెర్. వెనకాలే పరుగెత్తుకొచ్చి ఆయాసపడుతున్నాడు.

గాద్ అతన్ని కింది నుంచి పైదాకా చూశాడు. "ఒకటి కొడితే నిండింది, వచ్చి తీసుకుపో అని. రెండు కొడితే ఖాళీలు పంపమని. ఇది తెలియనివాడు ఏ ఊళ్ళో ఉన్నాడు?"

"ఫోనెత్తి మాట్లాడరా?"

"ఎత్తితే ఏమవుతుందో తెలుసా నాయనా? సలాం అంటాడు. సలాం అనాలి. మీ అమ్మ ఎలా ఉందంటాడు. చచ్చి పదేళ్ళైందని చెప్పలేక బాగుందంటాను. వాళ్ళ పిల్లలెలా ఉన్నారని అడగాలి. ఆపైన, 'బాబాయ్, ఒక్క ఇంజను మావైపు ముందు పంపవూ' అంటాడు. అంత కుశలం అడిగాక కాదని ఎలా అనను? ఎత్తకపోతే మొహమాటం లేదు. దీపం చూస్తా, రింగు లెక్కపెడతా, వరస ప్రకారం పంపుతా. ముప్పై ఏళ్ళలో వరస తప్పానని నన్నెవడూ అనలేదు. ఈరోజు దాకా."

మెహ్రాన్ తన సెల్‌ఫోను తీసి, కట్టడి సంగతి పక్కనపెట్టి, సాఖియా మేస్త్రీకి చేశాడు.

"ఎన్ని కొట్టావయ్యా?"

"ఒకటే, ఇంజనీరు గారూ. వల్లాహి, దేవుడి మీద ఒట్టు, ఒకటే. చెవిలో మోత ఒకసారి వినీ వినగానే పెట్టేశా."

"అబద్ధం," అన్నాడు గాద్ పక్క నుంచి. "చెవులు నావి."

ఆ మాట ఎక్కడో విన్నట్టుంది. మెహ్రాన్ అలాగే నిలబడిపోయాడు. రెండు జతల పావురాలు, మూడు కంచాలు గుర్తుకొచ్చాయి. ఉమ్మ్ హిషామ్ చెవులు నిక్షేపంలా ఉన్నాయి.

"తామెర్," అన్నాడు. "కొత్తదాంట్లో, చేసేవాడి చెవిలో వినపడే మోత, అవతల ఫోను మోగే మోత, రెండూ ఒకటేనా?"

"కాదు సార్. పాతదాంట్లో రెండూ ఒకటే. ఇందులో చెవిలో మోత చేసేవాడి ఫోనే పాడుకుంటుంది. అవతలి ఫోను తన మోత తను మోగుతుంది. రెండింటి తాళం వేరు. ఇక్కడ ఒకటి విని పెట్టేసేలోపు అక్కడ రెండోది మొదలైపోవచ్చు." కొంచెం ఆగి అన్నాడు: "ఎవరూ లెక్కపెట్టరు గదా అని..."

"ఇక్కడ లెక్కపెట్టనివాళ్ళు లేరు," అన్నాడు మెహ్రాన్. "నాతో సహా."

పొద్దున తను చేసిన పని తలుచుకుంటే అతనికి సిగ్గూ నవ్వూ కలిసి వచ్చాయి. ఎవరూ మాట్లాడని ఫోన్లను మాట్లాడి చూసి 'సరే' రాసుకున్నాడు. పుట్టిన దగ్గర్నుంచీ ఆ ఊళ్ళో ఉంటూ, రోజూ ఇంటికి తనూ ఒకటి కొడుతూ, కొట్టడం కూడా ఫోను వాడకమేనని తట్టలేదు. వాకిట్లో దగ్గి లోపలికి రావడాన్ని ఎవరైనా మాట్లాడటం కింద లెక్కేస్తారా?

"ఈ రెంటినీ పాతదానికి పంపెయ్. ఎంతసేపు?"

తామెర్ అప్పటికే అక్కడున్న చెక్కపెట్టె మీద లాప్‌టాప్ తెరిచాడు. "బాబాయ్ గారి టీ చల్లారేలోపు."

"నా టీ ఎప్పుడో చల్లారింది," అన్నాడు గాద్.

"అయితే ఇంకోటి పెట్టుకోండి."

గాద్ నిజంగానే పెట్టుకున్నాడు. మళ్ళీ ఒకటి కొట్టమని మెహ్రాన్ ఇద్దరు మేస్త్రీలకీ సెల్లులో చెప్పాడు. నీళ్ళు మరిగేలోపు సాఖియా దీపం వెలిగి ఒక్కసారి మోగి ఆగింది. కాస్త వెనకగా దీర్ దీపం వెలిగి ఒక్కసారి మోగింది. గాద్ ఇంకో ఇంజనును వ్యాగన్లు లేకుండా పంపి, సాఖియా దగ్గర ఇరుక్కున్నదాన్ని వెనక్కి లాగించి, దారి తెరిచాడు. మెహ్రాన్ కన్వేయరు కేసి చూస్తూ నిలబడ్డాడు. ఇనప పళ్ళు ఇంకా కాసేపు కనపడ్డాయి. ఎక్కువయ్యాయి. అంతలో మలుపులో ఇంజను కూత వినపడింది, నిండిన వ్యాగన్ల బారు లోపలికొచ్చింది. క్రేను చెరకును ఎత్తి కన్వేయరు మీద పడేసింది. ఆ పడిన చప్పుడు మెహ్రాన్‌కి మండే ఎండలో నెత్తిన కుండెడు నీళ్ళు పోసినట్టుంది. గోడకి ఆనుకుని కూచున్నాడు. బట్టలకి మసి అంటుతుందని తెలిసే కూచున్నాడు.

ఖుర్షీద్ బే నడుచుకుంటూ వచ్చాడు. అందరూ లేచారు, మెహ్రాన్ తప్ప.

"గానుగ ఆగిందా?" అన్నాడు ఖుర్షీద్ బే గాద్‌తో.

"ఆగలేదు బే. కాస్త ఆకలితో నడిచింది."

"ఫోన్ల వల్లనేనా?"

గాద్ మెహ్రాన్ వైపు చూశాడు. తర్వాత తామెర్ బూట్ల వైపు చూశాడు. "నా టీ చల్లారడం వల్ల."

"ఫోన్ల వల్లే బే," అన్నాడు మెహ్రాన్ కూచునే. "రెండు ఫోన్ల వల్ల. వాటిని వెనక్కి పంపేశాం."

ఖుర్షీద్ బే చేతివేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకున్నాడు. లోడింగులు ఎన్ని ఉన్నాయో ఆయనకి తెలుసు. అన్నీ ఒకే శుక్రవారం తిరిగిపోయి ఉంటే ఏమయ్యేదో కూడా ఆయనకి బోధపడ్డట్టే ఉంది. వెళ్ళబోతూ వెనక్కి తిరిగి, "మీ నాన్న గాడిదకి ఏం పేరు పెట్టేవాడు?" అన్నాడు.

"గాడిద అనే పిలిచేవాడు బే."

"తెలివైనవాడు," అని వెళ్ళిపోయాడు.

ఉపాయం దొరికింది తామెర్‌కి. కొత్తదాంట్లో ఒక్కో ఫోనుకి రెండు నంబర్లు ఇవ్వచ్చు, నంబరుకో మోత పెట్టుకోవచ్చు. అలాగైతే పెట్టె ఫోనులో ఒక బటను నొక్కితే యార్డులో పొడుగ్గా ఒకే సాగుడు మోత. అంటే నిండింది. రెండో బటనుకి పిచ్చుక అరిచినట్టు పొట్టి పొట్టి మోతలు. అంటే ఖాళీలు. లెక్కపెట్టాల్సిన పనే లేదు.

గాద్ దీన్ని వెంటనే నమ్మలేదు. గదిలో రెండు ఫోన్లు పెట్టించుకుని పొద్దంతా నొక్కించి విన్నాడు.

"పొడుగుది నిండిందానికి ఎందుకు పెట్టావు?" అని నిలదీశాడు.

"నిండిన బండి బరువు గదా బాబాయ్. నిదానంగా వస్తుంది."

గాద్ గడ్డం నిమురుకున్నాడు. "కైరోవాడివైనా నీకు బండి సంగతి తెలుసు. మరి వీళ్ళు బటను నొక్కి, నేను ఎత్తుతానేమోనని పట్టుకు కూచుంటే?"

"మీరు ఎత్తినా పలకదు. మోగడం తప్ప ఆ నంబర్లకి ఇంకేం రాదు. అలాగే కట్టా."

గాద్ కుర్చీలో వెనక్కి వాలాడు. ఆయన ముఖంలో అలాంటి విశ్రాంతిని మెహ్రాన్ ఎప్పుడూ చూడలేదు. "అంటే నేను ఎత్తాలనుకున్నా కుదరదన్నమాట."

"కుదరదు."

"ముప్పై ఏళ్ళు, నాయనా," అన్నాడు గాద్. "ప్రతి రింగుకీ ఎత్తుదామా అని చెయ్యి లేచేది. మా మేనల్లుడు సాఖియా దగ్గరే పండిస్తాడు. వాడి చెరకు కూడా ఎండేది." ఆపైన ఆ మాట ఎత్తలేదు. టీ పెట్టమన్నాడు, తామెర్‌కి నాలుగు చెంచాల పంచదార వెయ్యమన్నాడు. అది ఆయన మర్యాద.

పొలం ఫోన్లను ఒక్కొక్కటిగా తెచ్చుకున్నారు. ఒక లోడింగు, ఒక పూట చూడటం, తర్వాత ఇంకోటి. ఈసారి మెహ్రాన్ ప్రతి పెట్టె దగ్గరా నిలబడి ఒక్క మాటా మాట్లాడలేదు. బటను నొక్కాడు, ఇంజను వచ్చేదాకా ఆగాడు, సరైన వ్యాగన్లు తెచ్చిందో లేదో చూశాడు, అప్పుడు రాసుకున్నాడు. రైతులు చెరకు ముక్కలు నరికి ఇస్తే నములుతూ నిలబడేవాడు. ఒక ముసలాయన మాత్రం బటను నొక్కి, మోత ఒకటి విని, ఠక్కున పెట్టేసేవాడు. అలా పెట్టేసినా నష్టం లేదు. అలవాటు దారి అలవాటుది.

చివరి ఫోను మారిన వారానికి మెహ్రాన్, తామెర్, నర్గిస్ ముగ్గురూ సర్వరు గదిలోకి వెళ్ళారు. పాతది ఇంకా ఎగపోస్తూనే ఉంది. దాని మీద ఇప్పుడు ఒక్క ఫోనూ లేదు.

"ఇంకో రెండ్రోజులు ఉంచుదామా?" అన్నాడు తామెర్. అడిగింది అతనే.

"వారం ఉంచాం గదా," అన్నాడు మెహ్రాన్. "మా నాన్న కూడా వారమే ఉంచేవాడు."

స్విచ్చి ఆపాడు. ఫ్యాను నెమ్మదించి ఆగింది. గదిలో అంతకాలం ఆ రొద ఉన్నట్టే ఎవరికీ తెలీదు, ఆగాక తెలిసింది. నర్గిస్ దాని రేకు మీద అరచెయ్యి వేసి చూసింది. "ఇంకా వెచ్చగానే ఉంది పాపం," అంది. తర్వాత, "అయితే నా ఉద్యోగం ఉన్నట్టేనా ఇంజనీరు గారూ?" అంది. ఆ సంగతి తనకి తెలుసని అన్నాళ్ళూ ఆవిడ పైకి అననేలేదు.

"ఉన్నట్టే. కైరోలో బల్బులు ఇంకెవరో లెక్కపెట్టుకుంటారు."

"మంచిది. వాళ్ళెవరో గానీ మీకంటే బాగా లెక్కపెడతారు," అని తన సీటుకి వెళ్ళి, హెడ్‌సెట్టు పెట్టుకుని, "కోమ్ నఖ్లా ఫ్యాక్టరీ, చెప్పండి," అంది ఎవరితోనో.

తామెర్ సాయంత్రం రైలుకి కైరో పోవాలి. అతని బూట్లు ఇప్పుడు ఏ రంగో చెప్పలేం.

"భోజనం?" అన్నాడు మెహ్రాన్.

"స్టేషన్లో ఏదో ఒకటి తింటా సార్. ఇంట్లోవాళ్ళకి చెప్పలేదు గదా, ఇప్పుడెందుకు శ్రమ..."

మెహ్రాన్ బల్ల మీది ఫోనులో రెండో బటను నొక్కి పెట్టేశాడు. ఆ బటన్లు తన ఇంటికీ కట్టించుకున్న సంగతి హెడ్డాఫీసుకి చెప్పలేదు, అడిగినవాళ్ళూ లేరు.

ఇద్దరూ కాలనీ రోడ్డు మీద నెమ్మదిగా నడుచుకుంటూ వెళ్ళారు. గాలిలో బెల్లపు పాకం వాసన. ఇంటి తలుపు తీసే ఉంది. బల్ల మీద ఎండరొట్టెలు, ములూఖియా, పావురాలు రెండు జతలు. కంచాలు మూడు.

"పిచ్చుక అరిచింది," అంది ఇన్సాఫ్, తామెర్‌కి కుర్చీ చూపిస్తూ. "ఇతనేనా చుట్టం? కూచో బాబూ. మొన్న నీ వాటా ఈయన తినేశాడు."

తామెర్ కూచున్నాడు. ఒక పావురాన్ని విరిచి, లోపలి బియ్యం నోట్లో పెట్టుకున్నాక అన్నాడు: "సార్, మనం ఆ శుక్రవారం ఒక్క దెబ్బతో అంతా తిప్పేసి ఉంటే..."

"తిను," అన్నాడు మెహ్రాన్. రెండో పావురం కూడా అతని కంచంలోకి తోశాడు.